పట్టు పరిచిన వాలు

పందెం మిట్టమధ్యాహ్నానికి. ఓడితే రాయి అయిపోవడమే, అందులో రెండో మాట లేదు. అలాంటి పందెం కట్టినవాడు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? కత్తి నూరుకోవాలి, ఇలవేల్పుకు మొక్కుకోవాలి, అదీ కాదంటే కడుపునిండా నాలుగు ముద్దలైనా తినాలి. మేఘవాటి యువరాజు అరిందముడు మాత్రం నున్నకొండ అడుగున ఒక చెక్కపలకను ఏటవాలుగా ఆనించి, దాని మీద సొరకాయబుర్రలు దొర్లించుకుంటూ కూర్చున్నాడు. పక్కనే మంత్రి కొడుకు వాక్పతి, చిన్ననాటి నేస్తం, ఏ బుర్ర ముందొచ్చిందో చూసి చెబుతున్నాడు.

ఇద్దరి ఒంటిమీదా గారడీవాళ్ళ వేషాలు. అరిందముడు అతికించుకున్న మీసం చెమటకు ఊడి ఒక పక్కకు వేలాడుతోంది. వీడొక రాజ్యానికి కాబోయే ఏలిక అంటే గాడిద కూడా నమ్మదు.

అసలు వీళ్ళిక్కడికి ఎందుకొచ్చినట్టు? అరిందముడు పుట్టగానే తల్లి పోయింది. అక్క మృణాళవతే వాణ్ణి పెంచింది. గోరుముద్దలు పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని జోకొట్టింది, గుర్రం మీంచి పడితే మోకాలికి పసుపు అద్దింది. ఆ అక్క కిందటి వానాకాలంలో మేడ మీంచి మాయమైపోయింది. మాంత్రికుడు గండశిలుడు డేగ రూపంలో వచ్చి తన్నుకుపోయాడనీ, నున్నకొండ మీది గోపురంలో దాచాడనీ కబురు మోసుకొచ్చినవాడు వాక్పతి. అప్పటినుంచి అరిందముడికి కంటిమీద కునుకు లేదు. అడవులు పట్టి, ఏళ్ళు ఈది, ఊరికొక వేషం వేసి ఇంతదూరం వచ్చాడు. నిన్న సాయంత్రం మెట్లదారిన కొండ ఎక్కి చూస్తే గోపురం కిటికీలో అక్క కనిపించనే కనిపించింది. “తమ్ముడూ, వచ్చావా?” అని ఒక్క మాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటకే వీడికి ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆ నున్నకొండ వైభోగం వినండి. కారుమేఘం కరిగించి పోతపోసినట్టు నిగనిగలాడే నల్లరాతి కొండ అది. దాని మీద చీమ పాకాలన్నా ఆలోచించుకుని పాకాలి. శిఖరాన వెండిరేకుల గోపురం, గోపురం ముందు పాలరాతి తిన్నె, తిన్నె అంచు నుంచి కొండ పాదం దాకా ఏనుగు నడిచేంత వెడల్పున తిన్నగా దిగే వాలు. వాలు చివర అడ్డంగా ఒక దూలం, దూలం అవతల శిలాకుండం. పాదరసంలా తళతళలాడే ఆ మడుగులో వేలు ముంచితే వేలు రాయి, మనిషి మునిగితే మనిషి రాయి. వాలుకు రెండు వైపులా బారులు తీరిన గుండ్రటి బండలన్నీ మొన్నమొన్నటిదాకా మీసాలు దువ్విన రాజులే, పందెం ఓడి ఇలా అయ్యారు.

పందెం చెప్పుకోవడానికి చాలా తేలిక. గండశిలుడి దగ్గర ఒక నల్లరాతి గుండు ఉంది, దాని మీద తెల్లగా ఒక కన్ను చెక్కి ఉంది. పందెం కట్టినవాడు తనకు నచ్చిన గుండ్రటి వస్తువు ఏదైనా తెచ్చుకోవచ్చు. రెండూ ఒక్కసారే వదులుతారు. గుండు కంటే ముందు దిగితే గోపురం తలుపు తెరుచుకుంటుంది. వెనకబడితే ఓటమి, సమానంగా దిగినా ఓటమే. వాలును ఎలా కావాలంటే అలా చదును చేసుకునే హక్కు పందెగాడి పక్షానిదే, కానీ పందెగాడు మాత్రం ముందుగా దాని మీద కాలు పెట్టకూడదు. ఆ పని తోడు వచ్చినవాడు చెయ్యాలి.

అన్నిటికంటే వింత ఇంకొకటి ఉంది. నున్నకొండ నేల మీద నిలబడి అబద్ధమాడితే నాలుక రాయైపోతుంది. ఇది గండశిలుడి మంత్రం కాదు, వాడి తాతల నాటి కంటే ముందునుంచీ ఆ కొండకున్న గుణం. నిన్ననే ఒక పూసలమ్మేవాడు గాజుపూసలు చూపించి “మేలిముత్యాలు” అనబోయి, సగం మాటలో నోరు బిగుసుకుపోయి, చేతులతో సైగలు చేసుకుంటూ కొండ దిగిపోయాడు. అందుకే అరిందముడికి ఈ చోట ఎంతో ధైర్యంగా ఉంది. ఇక్కడ తనను మోసం చేసేవాడెవడు?

“మళ్ళీ నీళ్ళబుర్రే ముందు,” అన్నాడు వాక్పతి. “బంకమట్టి కూరిన బుర్ర వెనకబడింది.”

“బరువు తేడా వల్లేమో.”

“ఇందాక బరువులు మార్చి చూశాం కదయ్యా. పెద్దది, చిన్నది, బరువైనది, తేలికైనది, అన్నీ అయ్యాయి. బరువు ఈ లెక్కలోకి రాదు. లోపలున్నది బుర్రతో పాటు తిరుగుతోందా లేదా, అదొక్కటే సంగతి.”

“నాకు అర్థమయ్యేలా చెప్పరా బాబూ. గురుకులంలోనూ ఇంతే, గురువుగారి కంటే ముందు నువ్వు పరుగెత్తేవాడివి.”

వాక్పతి నవ్వాడు. “పరుగెత్తింది నేను, పూలదండ పడింది నీ మెడలో. సరే విను. వాలు మీద దొర్లేదానికి రెండు పనులు. కిందికి పోవాలి, తన చుట్టూ తాను తిరగాలి. వాలు ఇచ్చే ఊపు ఒక్కటే. అందులో కొంత తిరగడానికి ఖర్చయితే పోవడానికి ఆ మేరకు తగ్గుతుంది. మట్టిబుర్రలో మట్టి యావత్తూ తిరగాలి, కనుక అది నెమ్మది. నీళ్ళబుర్రలో పైపెంకు ఒక్కటే తిరుగుతుంది. లోపలి నీళ్ళు మహారాజుల్లా కదలకుండా కూర్చుని సవారీ చేస్తాయి. అందుకని అది ముందు.”

“గండశిలుడి గుండు నిండు రాయి.”

“అంటే మట్టిబుర్రకు తోబుట్టువు. నువ్వు పల్చటి రాగికలశం తీసుకుని, గాలిబుడగ లేకుండా అంచుదాకా నీళ్ళు పోసి, మూత పెట్టి లక్కతో అతికించావనుకో, గుండు కంటే ముందు దిగుతుంది. కాకపోతే ఒక షరతు ఉంది.” వాక్పతి చెక్కపలక మీద ఆముదం ఒలికించి అరచేత్తో పులిమాడు. “ఇప్పుడు వదులు.”

అరిందముడు వదిలాడు. రెండు బుర్రలూ తిరగడం మానేసి, చాప మీద కూర్చున్న చుట్టాల్లా పక్కపక్కనే జారుతూ వచ్చి ఒక్కసారే నేల తాకాయి.

“చూశావుగా? గుండును తిప్పేది నేల. అది జారబోతుంటే నేల దాని అడుగును పట్టుకుని వెనక్కి లాగుతుంది, అప్పుడది తిరుగుతుంది. నేల పట్టు వదిలేస్తే అది తిరగదు, ఊరికే జారుతుంది. జారేటప్పుడు తిరగడానికి పెట్టే ఖర్చు ఎవరికీ లేదు. రాతిగుండూ ఒకటే, నీళ్ళకలశమూ ఒకటే.”

“సమానమంటే నేను రాయినే,” అన్నాడు అరిందముడు. వాడి ముఖం కాస్త పాలిపోయింది. “ఆ బండ చూస్తే అద్దంలా ఉంది. దాని మీద పట్టు చాలదురా.”

“పట్టు సంగతి నాకొదిలెయ్,” అన్నాడు వాక్పతి. “నువ్వు కలశం చూసుకో. నువ్వొచ్చేలోగా వాలు పైనుంచి కింది దాకా పట్టు పరిపిస్తాను. మధ్యలో బెత్తెడు చోటు కూడా బోసిగా వదలను.”

ఈ మాట అన్నప్పుడు వాక్పతి నాలుక రాయి కాలేదు. నిక్షేపంగా ఆడింది. అరిందముడు దాన్ని కళ్ళారా చూశాడు, వాణ్ణి కావలించుకున్నాడు, మీసం పీకి పారేసి, కలశం వీపుకు కట్టుకుని నీళ్ళ కోసం బయలుదేరాడు.

నున్నకొండ మీద శిలాకుండం తప్ప వేరే నీళ్ళు లేవు. మంచినీళ్ళు కావాలంటే పడమటి లోయలోకి దిగాలి. అక్కడ ఆకాశగంగ తెగిపడ్డట్టు ఒక జలపాతం. ఆ తుంపర్లలో ఇంద్రధనుస్సులు అల్లుకుంటూ విడిపోతూ ఉంటాయి, మొగలిపొదల వాసన గుప్పుమంటుంది, నెమళ్ళు పురివిప్పి రాళ్ళ మీద ఠీవిగా తిరుగుతుంటాయి. అరిందముడు వాటిని తలెత్తి చూస్తే ఒట్టు. గబగబా కలశం ముంచాడు, బుడగలన్నీ పోయేదాకా ఊపాడు, మూత బిగించి లక్క కరిగించి అతికించాడు, మళ్ళీ వీపుకు కట్టుకున్నాడు. ఇక లేవబోతుండగా తన వెనక బండ ఊపిరి పీల్చింది.

తిరిగి చూస్తే అది బండ కాదు, ఉడుము. గున్నేనుగంత ఉడుము. చీలిన నాలుక రెండు కొరడాల్లా ఆడుతోంది. అరిందముడు కత్తి దూసి మెడ మీద వేశాడు. ఠంగుమని నిప్పురవ్వలు లేచాయి కానీ గాటు కూడా పడలేదు. అది తోక విసిరితే వీడు ఎగిరి రాతిగోడకు కొట్టుకున్నాడు. లేచి గోడ ఎక్కితే అదీ ఎక్కింది. దిగితే అదీ దిగింది. ఉడుముకు ఎక్కలేని గోడంటూ ఉంటుందా? గోళ్ళు దిగేసిందంటే కొండనైనా పెళ్ళగించాలి తప్ప దాన్ని ఊడదీయలేం. అరిందముడికి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వాడికి పొద్దుటి ఆముదం పలక గుర్తొచ్చింది. నేల పట్టిస్తేనే కదా గోళ్ళ గొప్ప. జలపాతం అంచున, నీళ్ళు పారి పారి పచ్చటి పాచి పేరుకుపోయిన బల్లపరుపు బండ ఒకటి అగాధం మీదికి వంగి ఉంది. వాడు ఒక్క ఉరుకున దాని మీదికి దూకాడు. కాలు పెట్టీ పెట్టగానే జర్రున జారాడు. జారుతూ జారుతూనే కత్తిని బండ నెర్రెలో కసిక్కున దిగేసి, పిడి పట్టుకుని వేలాడాడు. వెనకే ఉడుము. ముందుకాళ్ళతో పాచిని గీరింది, గీరినకొద్దీ పాచి ఊడి వచ్చింది. ఒళ్ళంతా గిర్రున ఒక చుట్టు తిరిగింది, వీడి పక్కనుంచి పొట్ట మీద జారుకుంటూ పోయి అగాధంలో పడింది. పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. అరిందముడు గట్టు మీదికి పాకి, కత్తి పెకలించుకుని, కలశం తడుముకున్నాడు. సొట్ట పడలేదు, మూత ఊడలేదు. అక్కను చూసినంత సంబరమైంది.

రక్తం కారుతున్న మోచేతులతో వాడు కొండ పాదం చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పందెగాడు కిందే, కుండం పక్కనే నిలబడాలని గండశిలుడి ఏర్పాటు. ఓడితే తోయడానికి దూరం మొయ్యనక్కర్లేదు కదా. భటులు కలశాన్ని పైకి మోసుకుపోయారు. అరిందముడు తలెత్తి చూస్తే వాలంతా పైనుంచి కింది దాకా ఇసుకరంగులో నిండుగా పరుచుకుని ఉంది. బెత్తెడు చోటు బోసిగా లేదు. “అన్నమాట నిలబెట్టాడు మా వాడు” అని మురిసిపోయాడు పిచ్చిమారాజు.

శిఖరాన శంఖాలు మోగాయి. గండశిలుడు తిన్నె అంచుకు వచ్చి నిలబడ్డాడు. నడుం దాకా జడలు, జడలకు గులకరాళ్ళ గజ్జెలు, మెడలో పుర్రెలకు బదులు రాతి గుప్పిళ్ళ దండ, నుదుట విబూదికి బదులు సున్నపురాతి పొడి. పక్కనే వాక్పతి. పై కిటికీలో మృణాళవతి. అరిందముడు అక్కకేసి చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు.

“వదలండి,” అన్నాడు గండశిలుడు.

అడ్డుకర్ర లేచింది. రాగికలశం, రాతిగుండు పక్కపక్కనే కదిలాయి. కలశం అంగుళమంతైనా ముందుకొస్తుందని అరిందముడు కళ్ళు చించుకుని చూస్తున్నాడు. రాలేదు. ఇంకా రాలేదు. అప్పుడు గుండు మీది కన్ను కనబడింది. దొర్లే గుండు మీది కన్ను గిరగిరా తిరగాలి, పైకి కిందికి మాయమై మళ్ళీ రావాలి. ఆ కన్ను తిరగడం లేదు. ఆకాశంకేసి చూస్తూ, రెప్ప వెయ్యకుండా, అలాగే దిగివస్తోంది. గుండు జారుతోంది. కలశమూ జారుతోంది.

రెండూ ఒక్కసారే దూలానికి తగిలాయి. చప్పుడు కూడా ఒక్కటే వినిపించింది.

అరిందముడు వంగి వాలు మీద చెయ్యి వేశాడు. ఇసుక తగల్లేదు. మెత్తగా, చల్లగా, వేళ్ళ కింద జారిపోతూ గుడ్డ తగిలింది. ఇసుకరంగు అద్దిన మేలిరకం పట్టువస్త్రం, కొండ నెత్తిన మొదలై కొండ పాదం దాకా ఒక్కటే తాను.

“వాక్పతీ,” అని పిలిచాడు. “పట్టు పరిపిస్తానన్నావు.”

“పరిపించాను కదా యువరాజా,” అన్నాడు వాక్పతి పైనుంచి, ఎప్పటిలాగే తీరుబడిగా. “చేత్తో తడిమి చూడు. నూటికి నూరుపాళ్ళూ పట్టే. నేయడానికి ఊరు ఊరంతా నెలల తరబడి కూర్చుంది. నువ్వు అడిగింది ఏ పట్టో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.”

అప్పుడర్థమైంది వీడికి. ఈ కొండ మీద అబద్ధం చెల్లదు కనుక, వాడు అబద్ధం ఆడకుండానే గొంతు కోశాడు. రెండర్థాల మాట వెతుక్కుని మరీ కోశాడు. ఒకే కంచంలో తిన్నవాడు, ఒకే దుప్పటి కప్పుకున్నవాడు. గండశిలుడు చేసి ఉంటే కోపం వచ్చేది. వాక్పతి చేస్తే కోపం కూడా రావడం లేదు.

“ఎందుకురా?” అన్నాడు.

“దండ నీ మెడలో పడ్డప్పుడల్లా ఆ మాట నేను అడుక్కున్నాను,” అన్నాడు వాక్పతి. “నువ్వొక్కసారైనా అడిగావా?”

“కబుర్లు తర్వాత,” అన్నాడు గండశిలుడు. “తొయ్యండి వాణ్ణి.”

భటులు ఈటెలతో రెండు పక్కలా కదిలారు. ఏడ్చే తీరిక కూడా ఇవ్వలేదు ముండావాళ్ళు. అరిందముడు తల విదిల్చాడు. పట్టు మీద గుండు నిలవనప్పుడు కాళ్ళు మాత్రం నిలుస్తాయా? ఆ వస్త్రం పై కొస తిన్నె మీద గండశిలుడి పాదాల కిందే ఉంది, వాక్పతి చెప్పుల కిందే ఉంది. కింది కొస తన చేతిలో ఉంది. వాడు ఆ కొసను తాడులా మెలిపెట్టాడు. దూలం దగ్గర పడి ఉన్న రాతిగుండు చుట్టూ బిగించి రెండు ముళ్ళు వేశాడు. మొదటి ఈటె చెవి పక్కనుంచి దూసుకుపోతుండగా గుండుకు భుజం ఆనించి, దూలం మీదుగా ఎత్తి, శిలాకుండంలోకి దొర్లించాడు.

గుండు మునిగింది. పట్టుతాను బిగుసుకుంది, మరుక్షణం కొండంతా ఒక్కసారి ఒళ్ళు విదిల్చినట్టు సరసరా కిందికి రావడం మొదలెట్టింది. పైన గండశిలుడి కాళ్ళు గాలిలోకి లేచాయి. మంత్రం చదవబోయాడు గానీ, వెల్లకిలా పడ్డవాడికి బీజాక్షరాలు ఎక్కడ గుర్తుంటాయి? జడలు, గజ్జెలు, రాతిదండ అన్నీ కలగాపులగమై, గావుకేకలు పెడుతూ వాలంతా జారివచ్చి, దూలం ఎగిరి దాటి, దబ్బున కుండంలో పడ్డాడు. పైకి తేలినప్పుడు చెయ్యెత్తిన నల్లరాతి బొమ్మ. మళ్ళీ మునిగిపోయింది. భటులు ఈటెలు పారేసి పరుగు లంకించుకున్నారు.

వెనకే వాక్పతి. వాడు దూలానికి గుద్దుకుని, దాని మీంచి దొర్లి, కుండం గట్టును రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. చెప్పుల అడుగుకు నీళ్ళు జానెడు దూరం. వేళ్ళు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. అరిందముడు వాడి ఎదురుగా నిలబడి చూశాడు. అలా చూస్తూ ఊరుకుంటే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు.

“తమ్ముడూ,” అని కిటికీలోంచి అక్క గొంతు. “వాక్పతిని వదలకు. నీకు పుణ్యముంటుంది, వాణ్ణి పైకి లాగు.”

అక్క మాట. చిన్నప్పటినుంచీ కాదని ఎరగడు. అరిందముడు వంగి వాక్పతి మణికట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చి పడేశాడు. వాక్పతి లేచాడు, అరిందముడి ముఖంకేసి చూడలేదు, వాలు పక్కనున్న మెట్లదారిన గోపురంకేసి పరుగెత్తాడు. అక్క కోసమే పరుగెడుతున్నాడని, చేసిన పాపానికి తలుపైనా తెరుస్తాడని అరిందముడు వెంటపడ్డాడు. వాక్పతి తలుపు నెట్టాడు. అది తెరుచుకునే ఉంది. గడియే వెయ్యలేదు. వాక్పతి లోపలికి దూరాక లోపలినుంచి గడియ పడింది.

అరిందముడు గుప్పిళ్ళతో తలుపు బాదాడు. “అక్కా, వాణ్ణి నమ్మకు. నన్ను అమ్మేశాడు వాడు. తలుపు తియ్యి, మనం ఇంటికి పోదాం.”

మృణాళవతి కిటికీలోంచి వంగి చూసింది. ఆమె వెనక వాక్పతి రొప్పుతూ నిలబడ్డాడు. ఆమె వాడి చేతి గాయానికి తన కొంగు చించి కట్టు కట్టింది, ముడి వేసి, అప్పుడు తమ్ముడివైపు తిరిగింది.

“నువ్వు ఇంటికి వెళ్ళిపో, తమ్ముడూ. నన్నెవరూ ఎత్తుకురాలేదు. నేనే వచ్చాను.”

అరిందముడు ఆమె నోటికేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ నాలుక ఇప్పుడు రాయైపోతుంది, ఇప్పుడు బిగుసుకుపోతుంది అని ఎదురుచూశాడు. జన్మలో మొదటిసారి అక్క అబద్ధం చెబుతోందని ఆశపడ్డాడు.

నాలుక మామూలుగానే ఆడింది. “పెద్దదాన్ని నేను. రాజ్యం నడిపే తెలివి నాకుందని నాన్నగారికీ తెలుసు. అయినా పట్టాభిషేకం నీకన్నారు. గండశిలుడికి కావలసింది రాళ్ళు, నాకు కావలసింది సింహాసనం. నువ్వు ఓడి రాయివైతే ఎవరి చేతికీ రక్తం అంటేది కాదు. నువ్వు గెలవడం నేను అనుకున్నది కాదు.”

“గోరుముద్దలు పెట్టావు కదక్కా.”

“పెట్టాను,” అంది మృణాళవతి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అదీ అబద్ధం కాదు.”

కిటికీ తలుపులు మూసుకున్నాయి. అరిందముడు గోపురం గుమ్మంలో చతికిలబడ్డాడు. ఉడుము తోక దెబ్బ ఇప్పుడు నొప్పెట్టడం మొదలైంది. చిన్నపిల్లాడిలా మోకాళ్ళలో తల దూర్చుకుని ఏడ్చాడు, ఎవరు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా.

చూసేవాళ్ళు ఉన్నారు. గండశిలుడు రాయైన గడియ నుంచీ వాలు పక్కనున్న బండలు ఒక్కొక్కటే నెర్రెలు విచ్చుతున్నాయి. ఒకదాంట్లోంచి మోచెయ్యి, ఇంకోదాంట్లోంచి కిరీటం, మరోదాంట్లోంచి తుమ్ము. ఓడిపోయిన రాజులంతా ఒళ్ళు విరుచుకుంటూ, దుమ్ము దులుపుకుంటూ లేచారు. కత్తులు మొలల్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. అందరూ గోపురంకేసి తిరిగి మెట్లెక్కడం మొదలెట్టారు. ముందున్నవాడు నెరిసిన గుబురుమీసాల ముసలిరాజు.

“లే నాయనా,” అన్నాడాయన గుమ్మం దగ్గరికొచ్చి. “నువ్వు చేసిన మేలుకు మేమంతా రుణపడ్డాం. రాళ్ళమై పడున్నా మాకు చెవులు పనిచేశాయి. ఇందాక ఆవిడ అన్నదంతా విన్నాం. మేమూ ఆ కిటికీలో ఏడుపు చూసే వచ్చాం, ఆడకూతురు ఆపదలో ఉందని పందెం కట్టాం. ఆ గండశిలుడు పోయాడు, మిగిలింది ఆవిడా, ఆ మంత్రి కొడుకూ. పక్కకు తప్పుకో. తలుపు మేం పగలగొడతాం.”

తలుపు అవతల ఏదో బరువైనది ఈడ్చుకొచ్చి అడ్డం పెడుతున్న చప్పుడు. అక్క ఊపిరి కూడా వినిపించేంత పల్చటి తలుపు అది. అరిందముడు భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. లేచాడు. అంతమంది కత్తులకేసి ఒకసారి చూశాడు, వీపు తలుపుకు ఆనించాడు, ఉడుము మీద మొండిదైపోయిన తన కత్తి దూశాడు.

“లోపలుంది మా అక్క,” అన్నాడు. “ముందు నన్ను దాటండి.”